సొంత పనిముట్లకు సొంత వెల్డింగ్: ఏ సెట్టు కొనాలి, ఏ పని షాపుకే వదలాలి

తొలకరి పడిన వారంలో వెల్డింగ్ షాపు ముందు కల్టివేటర్లు వరస కడతాయి. షాపతను తీసుకునే కూలి పెద్దదేం కాదు. విరిగిన పనిముట్టు విప్పి, ట్రాలీలో వేసుకుని మండల కేంద్రానికి వెళ్లి, వరసలో ఉండి, పోయిన కరెంటు వచ్చేదాకా కూర్చుని ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతుంది. ఈలోగా నేల పదును ఆరిపోతుంది. ట్రాక్టర్ ఉన్న ప్రతి రైతుకూ ఎప్పుడో ఒకప్పుడు అనిపించేదే ఇది: మనమే ఒక సెట్టు కొనుక్కుంటే పోలా?

కొనుక్కోవచ్చు. అయితే ఏ మెషీన్ మంచిదని అడిగే ముందు, గత రెండేళ్లలో మీ ఇంట్లో ఏమేం విరిగాయో ఒక కాగితం మీద రాయండి. ఏది కొనాలన్నది చాలావరకు ఆ కాగితమే చెప్పేస్తుంది. కల్టివేటర్ ఫ్రేము, దమ్ము చేసే కేజ్ వీల్స్, ట్రాలీ తలుపు కీళ్లు, ట్రాలీ అడుగు రేకు, గేటు, పైపు స్టాండు, గుంటక బ్రాకెట్. మామూలుగా రైతుల ఇంట్లో విరిగేవి ఇవే. ఇవన్నీ మెత్తని ఉక్కు, అంటే మైల్డ్ స్టీల్. మందం 3 నుంచి 10 మిల్లీమీటర్లు. మట్టి, తుప్పు, పాత రంగు పట్టి ఉంటాయి. పని జరిగేది ఆరుబయట, గాలిలో. ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే కొట్టువాడు ఏం చూపించినా తడబడనక్కర్లేదు.

ముందు లెక్క

సొంత ట్రాక్టర్, మూడు నాలుగు పనిముట్లు ఉండి, పక్కవాళ్ల పొలాలకు కిరాయికి కూడా వెళ్లే వాళ్లయితే సెట్టు కొనడంలో అర్థం ఉంది. ఒక సీజన్‌లో రెండు మూడు పనిదినాలు మిగిలినా ఖర్చు దాదాపు వచ్చేసినట్టే. మూడెకరాలు ఉండి, దున్నకానికి కిరాయి ట్రాక్టర్ పిలిచేవాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను. ఏడాదికి రెండుసార్లు గేటు అతికించడానికి మెషీన్ అక్కర్లేదు. పైగా వెల్డింగ్ చేతికి అలవాటు ఉండాల్సిన పని. ఆర్నెల్లు ముట్టకపోతే చెయ్యి మళ్లీ మొదటికొస్తుంది.

ఖర్చంటే మెషీన్ ధర ఒక్కటే అనుకోకండి. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ సెట్టు (కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు, తేలికైన వెల్డింగ్ మెషీన్) సుమారు 6 వేల నుంచి 12 వేల రూపాయల మధ్య దొరుకుతోంది. దానికి తోడు 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్, హెల్మెట్, తోలు గ్లౌజులు, రెండు మూడు సీ క్లాంపులు, చిప్పింగ్ సుత్తి, వైరు బ్రష్, రాడ్లు, ఇంట్లో కొత్త వైరింగు. వీటన్నిటికీ కలిపి దాదాపు మెషీన్ అంత ఖర్చూ అవుతుంది. డబ్బు సరిపోకపోతే మెషీన్‌లో తగ్గండి, గ్రైండర్‌లో తగ్గకండి. ఇంటి వెల్డింగ్‌లో సగం పని గ్రైండర్‌దే: తుప్పు తీయడం, పగులు తెరవడం, వంకర వెల్డు కోసేసి మళ్లీ వేయడం.

ఇంటి కరెంటు ఎంత మోస్తుంది

చాలామంది మెషీన్ ఇంటికి తెచ్చాక దీని గురించి ఆలోచిస్తారు. ముందే ఆలోచించాలి.

3.15 మిల్లీమీటర్ల రాడ్‌ను 120 ఆంపియర్ల దగ్గర కాలుస్తున్నారనుకుందాం. ఆర్క్ (రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య మండే వెలుగు) దగ్గర వోల్టేజీ సుమారు 25 ఉంటుంది. అంటే 3 కిలోవాట్లు. మెషీన్ లోపల పోయేది, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే మన లైన్ నుంచి అది లాగేది 20 ఆంపియర్ల పైమాటే. ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. రెండు రాడ్లు కాలేసరికి ప్లగ్గు వేడెక్కుతుంది, నాలుగో రాడ్‌కు ప్లాస్టిక్ కమురు వాసన మొదలవుతుంది. అందుకే మీటరు బోర్డు నుంచి విడిగా 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), ఇండస్ట్రియల్ ప్లగ్గు, సరైన ఎర్తింగ్ పెట్టించాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఇంటి సర్వీసుకు శాంక్షన్ లోడ్, అంటే మంజూరైన లోడు, ఎంతుందో బిల్లు మీద చూసుకుని, తక్కువైతే పెంచుకోండి.

బోరు దగ్గర కరెంటు ఉంది కదా, అక్కడే చేసుకుంటే సరి అని చాలామంది అనుకుంటారు. తెలంగాణలో 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా ఉంది. అయితే ఆ సర్వీసు ఇచ్చింది మోటారు కోసం. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అది అనధికార వాడకం కిందికి వస్తుంది. ఎవరు చూస్తారులే అనే ధైర్యం వేరే సంగతి. కొత్తగా ఏర్పాటు చేసుకునేటప్పుడు ఇంటి దగ్గరే చేసుకోవడం మేలు.

ఇంకో చిక్కు లో వోల్టేజీ. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో మోటార్లన్నీ ఆన్ అయ్యాక 230 రావాల్సింది 180కి పడిపోవడం మామూలే. అలాంటప్పుడు చౌక ఇన్వర్టర్ సెట్లు ఆగిపోతాయి, లేదా రాడ్ అంటుకుపోతుంటుంది. మీ ఇంట్లో ఏ వేళలో వోల్టేజీ ఎంతుందో మల్టీమీటర్‌తో వారం రోజులు చూడండి. తక్కువగా ఉంటే తక్కువ వోల్టేజీకి కూడా పనిచేస్తుందని రేటింగ్ ప్లేటు మీదే రాసి ఉన్న మోడల్‌కు వెయ్యో రెండు వేలో ఎక్కువ పెట్టండి.

పని దూరంగా ఉంటే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగకండి. వోల్టేజీ అందులోనే పోతుంది. దానికంటే వెల్డింగ్ కేబుళ్లనే కాస్త పొడవుగా, 25 చదరపు మిల్లీమీటర్ల మందంవి వేసుకోవచ్చు. జనరేటర్ మీద చేయాలంటే 2.5 రాడ్‌కు 5 కేవీఏ, 3.15కు 7.5 కేవీఏ ఉంటే నిలకడగా నడుస్తుంది.

సెట్లలో ఏది

పాత ఆయిల్ సెట్టు ఊరి షాపుల్లో అందరూ చూసిందే. పెద్ద డబ్బా, పైన హ్యాండిలు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్. దాన్ని చంపడం కష్టం. ఇరవై ఏళ్లు నడిచినవి ఇప్పటికీ ఉన్నాయి. చెడిపోతే వైండింగ్ కట్టే మనిషి ప్రతి టౌనులో దొరుకుతాడు. కానీ ఇద్దరు మనుషులు లేపాలి, రెండు ఫేజులు కావాలి, సింగిల్ ఫేజు మీద పెడితే వీధిలో లైట్లన్నీ మిణుకుమంటాయి. వచ్చేది ఏసీ కరెంటు కాబట్టి కొత్త చేతికి ఆర్క్ నిలబెట్టడం కూడా కష్టం. త్రీ ఫేజు ఉన్న షెడ్డు, రోజూ పని ఉన్నవాళ్లకే అది. ఇంటికి వద్దు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే, లోపల రాగి వైండింగా అల్యూమినియమా అని అడిగి చూడండి, సగం మంది మాట మార్చేస్తారు.

ఇన్వర్టర్ ఆర్క్ సెట్టు భుజానికి తగిలించుకునేంత తేలిక. 4 నుంచి 8 కిలోలు. డీసీ ఇస్తుంది కాబట్టి ఆర్క్ నిలకడగా ఉంటుంది. చాలా మోడళ్లలో హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్ ఉంటాయి. మొదటిది రాడ్ తేలిగ్గా అంటించడానికి, రెండోది రాడ్ అతుక్కుపోతే మెషీన్ కాలిపోకుండా ఉండటానికి. దీని బలహీనత లోపలి సర్క్యూట్ బోర్డు. ఫ్యాను గాలితో పాటు గ్రైండింగ్ పొడినీ లోపలికి లాగుతుంది. ఆ ఇనుప పొడి బోర్డు మీద పేరుకుని ఒకరోజు టప్‌మంటుంది. మెషీన్ పక్కన గ్రైండర్ ఎప్పుడూ పట్టొద్దు. సీజన్ అయ్యాక మూలన పడేస్తే చీమలు, బల్లులు కాపురం పెడతాయి, గుడ్డ కప్పి అటక మీద పెట్టండి.

మిగ్ సెట్టు మీద ఈ మధ్య మోజు ఎక్కువైంది. ఫోనులో చూసే వీడియోల్లో గన్ను నొక్కగానే తీగ దానంతటదే వస్తుంది, వెల్డు అందంగా పడుతుంది. నిజమే, నేర్చుకోవడం తేలికే. గ్యాసు మిగ్‌కు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు, రెగ్యులేటరు కావాలి, అయిపోతే టౌనుకు మోసుకెళ్లి నింపించాలి. ఆరుబయట కాస్త గాలి వీచినా గ్యాసు చెదిరిపోయి వెల్డు లోపల పురుగు తొలిచినట్టు రంధ్రాలు పడతాయి. తుప్పు, మట్టి అసలు ఓర్చదు. షెడ్డులో కూర్చుని కొత్త రేకుతో గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్లకు అది బంగారం. పొలం గట్టున విరిగిన ఫ్రేముకు కాదు.

గ్యాసు లేకుండా, లోపల ఫ్లక్స్ మందు నింపిన తీగతో నడిచే మిగ్ సెట్లు కూడా వస్తున్నాయి. గాలికి కొంత తట్టుకుంటాయి. పొగ, తుంపర్లు ఎక్కువ. తీగ చుట్ట తేమకు తుప్పు పడుతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. నాకున్న అసలు అభ్యంతరం వేరే. చిన్న మిగ్ సెట్టుతో 8 మిల్లీమీటర్ల పట్టీ మీద వేసిన వెల్డు పైకి చక్కగా, నున్నగా కనిపిస్తుంది. కింద లోహం కరిగి కలవదు, పైన పేరుకుంటుంది అంతే. రాడ్‌తో చెడ్డ వెల్డు వేస్తే చెడ్డగానే కనిపిస్తుంది, మనకు తెలిసిపోతుంది. మిగ్‌తో చెడ్డ వెల్డు మంచిగా కనిపిస్తుంది, ట్రాలీలో ధాన్యం వేశాక గానీ బయటపడదు. కొత్తగా నేర్చుకునే రైతుకు తప్పు కళ్లకు కనిపించే పద్ధతే మంచిది.

ఆర్క్, మిగ్, టిగ్ మూడు రకాలూ ఒకే మెషీన్‌లో ఉన్న మల్టీ ప్రాసెస్ సెట్టు 15 వేల నుంచి 30 వేల దాకా ఉంటుంది. ముందు ముందు రేకు పని కూడా చేస్తారనుకుంటే చూడొచ్చు. టిగ్ అంటే నాజూకు పనులకు వాడే వెల్డింగ్, మన పనికి అక్కర్లేదు. ఆక్సిజన్, ఎసిటిలిన్ గ్యాసు వెల్డింగ్ బిగుసుకున్న నట్టు వేడి చేయడానికి, ఇత్తడి అతుకులకు బాగుంటుంది, కానీ సిలిండర్లు ఇంట్లో, గడ్డివాము పక్కన పెట్టుకోవడం నాకు నచ్చదు.

కాబట్టి పదిమంది రైతుల్లో ఎనిమిది తొమ్మిది మందికి నేను చెప్పేది సింగిల్ ఫేజ్ 200 ఆంపియర్ల ఇన్వర్టర్ ఆర్క్ సెట్టే. డబ్బా మీద 250, 300 అని పెద్ద అంకెలు వేస్తారు, వాటిని పట్టించుకోకండి. డ్యూటీ సైకిల్ చూడండి. 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం అని ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. మనం వాడేది 80 నుంచి 130 ఆంపియర్ల మధ్య. అక్కడ నిలకడగా ఉంటే చాలు. ఆ కంపెనీ మెషీన్ రిపేరు చేసేవాళ్లు మీ జిల్లా కేంద్రంలో ఉన్నారా అన్నది వారంటీ కాగితం కంటే ముఖ్యం.

రాడ్ సంగతి

కొట్లో 12 నంబరు, 10 నంబరు, 8 నంబరు అని అడుగుతారు. 12 అంటే 2.5 మిల్లీమీటర్లు, 10 అంటే 3.15, 8 అంటే 4. నంబరు పెరిగితే రాడ్ సన్నబడుతుంది. ఇంటి పనికి 12, 10 చాలు. 2.5 రాడ్‌కు 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15కు 90 నుంచి 130.

రకాల్లో రెండింటి మధ్యే పోటీ. 6013 రాడ్ అన్నిచోట్లా దొరుకుతుంది, తేలిగ్గా అంటుకుంటుంది, ఏ పొజిషన్‌లో అయినా పడుతుంది, వెల్డు మీద పెంకులా గట్టిపడే స్లాగ్ సుత్తి తగలగానే రాలుతుంది. 7018 గట్టి రాడ్. సాగే గుణం ఎక్కువ, పగుళ్లు రావడం తక్కువ, బరువు మోసే అతుకులకు అదే సరి. కానీ దానికి తేమ పడదు. విప్పిన ప్యాకెట్ రెండు రోజులు వానాకాలం గాలిలో ఉంటే, ఓవెన్‌లో 300 డిగ్రీల పైన కాల్చి ఆరబెట్టనిదే దాని గుణం దానికి ఉండదు. ఇంట్లో ఓవెన్ ఎవరికుంది? కాబట్టి 6013తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక 7018 చిన్న ప్యాకెట్ తెచ్చి ఆ రోజే వాడేయండి. దానికి రాడ్ వైపు పాజిటివ్ పెట్టాలి. 6013 తేమ పట్టినా ఎండలో పెట్టి వాడుకోవచ్చు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో దాచుకుంటే ఆ బాధే ఉండదు.

కర్రులు అరిగిపోకుండా పైన గట్టి పొర వేసే హార్డ్ ఫేసింగ్ రాడ్లు, పోత ఇనుముకు నికెల్ రాడ్లు కూడా ఉన్నాయి. రెండోది ఖరీదు. వాటి జోలికి మొదటి ఏడాది వెళ్లకండి.

కల్టివేటర్ ఫ్రేము పగిలితే

పగులు కనిపించగానే దాని మీద రాడ్ గీసేయడం మన ఊళ్లలో మామూలుగా జరిగే పని. వారం తిరగకుండా అదే చోట, లేదా పక్కనే అంగుళం దూరంలో మళ్లీ విరుగుతుంది. మనిషి రాడ్‌ను తిడతాడు.

ముందు వైరు బ్రష్‌తో, గ్రైండర్‌తో పగులు చుట్టూ రెండంగుళాల మేర మెరిసే లోహం కనిపించేదాకా రంగు, మట్టి, గ్రీజు తీసేయాలి. అప్పుడు పగులు అసలు ఎక్కడిదాకా వెళ్లిందో కనిపిస్తుంది. మనం అనుకున్నదానికంటే ఎప్పుడూ కాస్త దూరమే వెళ్లి ఉంటుంది. దాని కొసన 5 లేదా 6 మిల్లీమీటర్ల డ్రిల్లు రంధ్రం వేయండి. పగులు అక్కడితో ఆగుతుంది. తర్వాత గ్రైండర్ అంచుతో పగులు పొడవునా 'వి' ఆకారంలో గాడి తెరవాలి, అడుగున సన్నటి గీతంత మందం మిగిలేదాకా. ఇది చేయకపోతే లోపలి లోహం అతకదు.

ఎర్త్ క్లాంపు పగులుకు దగ్గర్లోనే, శుభ్రం చేసిన చోట పెట్టండి. ఫ్రేము వంగి ఉంటే వెల్డుకు ముందే క్లాంపుతో సరిచేసి, రెండు కొసల్లో కదలకుండా చిన్న ట్యాకులు, అంటే చుక్క వెల్డులు, వేయండి. మొదటి వరస 2.5 రాడ్‌తో 80 ఆంపియర్ల దగ్గర అడుగు కరిగేలా. స్లాగ్ మొత్తం కొట్టి బ్రష్ వేసి, పైన 3.15తో 110 దగ్గర రెండు మూడు వరసలు. ఒక వరసకూ ఇంకోదానికీ మధ్య స్లాగ్ మిగిలితే అదే రేపటి పగులు. ఆర్క్ సరిగ్గా ఉంటే మూకుడులో బజ్జీలు వేగుతున్న చప్పుడు ఒకే తీరుగా వస్తుంది. పటపటలాడితే ఆర్క్ దూరమైనట్టు, రాడ్ అతుక్కుంటుంటే ఆంపియర్లు తక్కువైనట్టు. చూపు వెలుగు మీద కాదు, దాని వెనక కరిగిన లోహపు మడుగు మీద ఉండాలి. మడుగు గుండ్రంగా, అంచులు రెండు వైపులా లోహంలో కలుస్తూ ఉంటే చెయ్యి సరిగ్గా నడుస్తున్నట్టే.

చివరగా బలానికి పట్టీ వేస్తారు. నిలువుగా, చతురస్రంగా కోసిన పట్టీ వేసి అడ్డంగా వెల్డు చేస్తే ఆ వెల్డు అంచునే కొత్త పగులు మొదలవుతుంది. పట్టీని వజ్రం ఆకారంలో, కొసలు సన్నగా ఉండేలా కోసి, పక్కల వెంబడే వెల్డు వేయండి, కొసల దగ్గర వదిలేయండి. వేడిగా ఉండగా నీళ్లు పోయొద్దు. ఎంత తొందర ఉన్నా సరే.

షాపుకే వదలాల్సినవి

ట్రాలీ హుక్కు, డ్రాబారు, త్రీ పాయింట్ లింకులు, స్టీరింగ్, బ్రేకు, యాక్సిల్ భాగాలు మీ చేతితో చేయకండి. ధాన్యం ట్రాలీ ఘాట్ రోడ్డు మీద, ఊరి మధ్యన తెగితే ప్రాణాలు పోతాయి. అవి ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న మనిషి చేతికి, వీలైతే కొత్త భాగం మార్పించడానికి వదలాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ బాడీలు కట్టే వెల్డర్ల పని ఒక పూట నిలబడి చూస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

రోటావేటర్ బ్లేడ్లు, కల్టివేటర్ స్ప్రింగులు, డిస్కులు వేడిచేసి గట్టిపరచిన ఉక్కు. వెల్డు వేడికి ఆ పక్కన పెళుసుబారి, నేలలో రాయి తగలగానే ముక్క ఎగిరిపోతుంది. బోల్టు విప్పి కొత్తది బిగించడమే పద్ధతి. గేర్‌బాక్సు, పంపు కేసింగు లాంటి పోత ఇనుముకు ముందుగా వేడి చేయాలి, అంగుళం అంగుళం వేయాలి, సుత్తితో మెల్లగా కొడుతుండాలి, తర్వాత బూడిదలోనో సున్నంలోనో కప్పి రాత్రంతా చల్లారనివ్వాలి. చేయలేనిదేం కాదు, మొదటి ఏడాది చేసేది మాత్రం కాదు.

డీజిల్ డ్రమ్ము, ట్యాంకు ఎంత కడిగినా వెల్డింగ్ దగ్గరకు తేవొద్దు. అతుకుల్లో మిగిలిన డీజిల్ వేడికి ఆవిరై పేలుతుంది. చక్రం రిమ్ముకు టైరు ఉండగా వెల్డు చేయకూడదన్నది అంతగా తెలియని సంగతి. గాలి తీసేసినా ప్రమాదమే. లోపలి రబ్బరు వేడికి గ్యాసు వదిలి, టైరు బాంబులా పేలి మనుషులు పోయిన ఘటనలు ఉన్నాయి. టైరు విప్పాకే రిమ్ము ముట్టుకోవాలి.

ఎక్కడ నేర్చుకోవాలి

ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు, 8వ తరగతి పాసైతే చాలు. ఇంట్లో చదువు ఆపేసిన కుర్రాడు ఉంటే అతన్ని చేర్పించండి, ఉద్యోగానికీ పనికొస్తుంది. వ్యవసాయం చేసుకునే నలభై ఏళ్ల మనిషికి అంత తీరిక ఉండదు. బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో నడిచే ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రాల్లో ఉచితంగా, భోజనం వసతితో చిన్న కోర్సులు పెడతారు. వెల్డింగ్ బ్యాచ్ ఎప్పుడుందో మీ జిల్లా కేంద్రంలో అడగండి. వయసు పరిమితి ఉంటుంది.

ఎక్కువమందికి కుదిరేది ఊరి షాపే. పనులు తగ్గిన వేసవిలో, సీజన్ మొదలవకముందు, షాపతనికి కొంత డబ్బు మాట్లాడుకుని కొన్నాళ్లు కూర్చోండి. ఊరికే నేర్పమంటే చీపురు పట్టిస్తాడు, డబ్బిస్తే రాడ్ పట్టిస్తాడు. అతనికి వేగం, చెయ్యి ఉంటాయి. జాగ్రత్తల విషయంలో మాత్రం అతన్ని చూసి నేర్చుకోకండి: నల్ల కళ్లద్దాలతో, లుంగీతో, చెప్పులతో కాలుస్తుంటాడు. ఫోనులో వీడియోలు ఎందుకు అలా చేయాలో అర్థం కావడానికి బాగుంటాయి, చేతికి ఏమీ నేర్పవు.

ఇంట్లో సాధన చేయడానికి పాత సామాను కొట్లో కిలోల లెక్కన 6 మిల్లీమీటర్ల పట్టీ ముక్కలు తెచ్చుకోండి. మొదట పట్టీ మీద ఊరికే సరళ రేఖలు, తర్వాత రెండు ముక్కలు 'టి' ఆకారంలో, తర్వాత ఒకదాని మీద ఒకటి. వేసిన ప్రతి అతుకునూ వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టి లోపల చూడండి. విరిగినచోట రెండు వైపులా లోహం చిరిగినట్టు ఉంటే అతికినట్టు. ఒక వైపు గ్రైండ్ చేసిన గీతలు అలాగే కనిపిస్తే కింద కరగలేదన్నమాట. ఈ పరీక్షలో నెగ్గేదాకా పనిముట్టు ముట్టకండి.

కళ్లు, ఒళ్లు, ట్రాక్టర్

ఆటో డార్కనింగ్ హెల్మెట్ వెయ్యి నుంచి రెండు వేలలో వస్తుంది. చేత్తో పట్టుకునే నల్లద్దం షీల్డు చౌకే, కానీ ఒక చెయ్యి దానికే పోతుంది, కొత్తవాళ్లకు రెండు చేతులూ కావాలి. మన ఆంపియర్లకు అద్దం నలుపు, అంటే షేడు, 10 లేదా 11 ఉండాలి. ఫ్లాష్ కొట్టిన కళ్లు అప్పుడేం నొప్పి పెట్టవు. రాత్రి పడుకున్నాక ఇసుక పోసినట్టు మండుతాయి. బంగాళదుంప చెక్కలు, చనుబాలు కళ్లలో పెట్టుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీకంటే పిల్లలకే ప్రమాదం ఎక్కువ: ఆ వెలుగు చూడటానికి గుమిగూడతారు. ఒక మంచం నిలబెట్టి దుప్పటి తడిపి కట్టినా అడ్డు అవుతుంది.

నూలు ప్యాంటు, చేతుల చొక్కా, తోలు బూట్లు. పాలిస్టర్ నిప్పురవ్వకు ఒంటికి అంటుకుపోతుంది. జేబులో లైటర్ తీసేయండి. తడి నేల మీద, వాన తుంపరలో కాల్చొద్దు. గడ్డివాము, ఎండుకొమ్మలు, డీజిల్ క్యాన్లకు దూరంగా, బకెట్టు నీళ్లు, ఇసుక దగ్గర పెట్టుకుని చేయండి. పని అయిన అరగంటకు మళ్లీ ఒకసారి వచ్చి చూడండి. జీఐ పైపు వెల్డు చేయాల్సొస్తే జింకు పూత గ్రైండర్‌తో తీసేశాకే. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందన్నది షాపుల్లో ఉన్న నమ్మకం మాత్రమే.

ట్రాక్టర్‌కు తగిలించి ఉన్న పనిముట్టు మీద వెల్డు చేయాల్సొస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, లేకపోతే ఆల్టర్నేటర్ పోవచ్చు. కుదిరితే పనిముట్టు విప్పేయడమే మంచిది. ఎర్త్ క్లాంపు ఒకచోట, వెల్డు ఇంకోచోట ఉండి మధ్యలో బేరింగు ఉంటే కరెంటు దానిగుండానే పోతుంది. బేరింగు గుండ్ల మీద మచ్చలు పడి రెండు నెలల్లో చప్పుడు మొదలెడుతుంది. అప్పటికి దీనికీ వెల్డింగ్‌కూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

కొనే రోజు

సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి మార్కెట్‌కు వెళ్లినా, మీ టౌను హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లినా మీ రాడ్లు మీరు తీసుకెళ్లండి. 3.15 రాడ్ 120 దగ్గర పెట్టి, రెండు రాడ్లు ఆపకుండా వరసగా కాల్చి చూపించమనండి. అడిగితే ఏ కొట్టువాడూ కాదనడు. కాదంటే ఆ కొట్టు వదిలేయండి. రెండో రాడ్ సగంలో మెషీన్ వేడెక్కిందని చెప్పే పసుపు లైటు వెలిగితే ఆ మెషీన్ డబ్బా మీద అంకెలు పెద్దవే గానీ లోపల సత్తా లేదు. కేబుళ్లు చేత్తో పట్టుకుని చూడండి, వేడెక్కితే సన్నవి వేసినట్టు. డబ్బాతో వచ్చే ఎర్త్ క్లాంపు, హోల్డరు చాలావాటిలో నాసిరకంవే ఉంటాయి, అవి అక్కడే మార్చి మంచివి బేరం ఆడి తెచ్చుకోండి. ఇన్వాయిస్ మీద మెషీన్ సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి మళ్లీ తీసుకొచ్చినప్పుడు మొదట అడిగేది అదే.